దసరా మర్నాడు

2022 అక్టోబరు 6, దసరా మర్నాడు. సూరత్ ఖటోదరాలో మా సాంచెల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు, ఇంకా పండగ మత్తులోనే ఉంది. ఆయుధపూజకు మగ్గాల మెడలో వేసిన బంతిపూల దండలు అట్లాగే వాడిపోతున్నాయి. కారీగర్లు సగం మంది రాలేదు. పై అంతస్తులో, లెక్కల పుస్తకాలు పెట్టుకునే గదిలో, మోకాలి కింద దిండు పెట్టుకుని నేను ఫోన్‌లో స్కోరు చూస్తున్నాను.

అక్కణ్ణుంచి ఆటోలో పదీ పదిహేను నిమిషాలు వెళ్తే పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇండోర్ స్టేడియం వస్తుంది. ఏడేళ్ళ విరామం తర్వాత జరుగుతున్న జాతీయ క్రీడలు ఈసారి గుజరాత్‌కొచ్చాయి, బ్యాడ్మింటన్ మా సూరత్ వంతుకొచ్చింది. పురుషుల సింగిల్స్ ఫైనల్‌లో తెలంగాణ తరఫున సాయి ప్రణీత్, కర్ణాటక తరఫున మిథున్ మంజునాథ్ ఆడుతున్నారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకం మెడలో వేసుకున్న మన హైదరాబాద్ పిల్లాడు నా ఇంటి పక్క వీధిలో ఆడుతున్నట్టే లెక్క. అంతకు ఆరేడు నెలల ముందైతే పండగ పిండివంటలు కూడా ముట్టకుండా పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవాణ్ణి.

నేను వెళ్ళలేదు.

కాలు నొప్పి వల్ల అని ఇంట్లో చెప్పాను. అబద్ధం. అప్పటికి నేను నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను, స్కూటర్ కూడా నడుపుతున్నాను. కోర్టును చూడటం నావల్ల కాదు, అంతే. ఆ ఆకుపచ్చ మ్యాటు, దాని మీద తెల్ల గీతలు, బూటు అడుగు మ్యాటును ఒరుసుకుంటే వచ్చే ఆ కీచు చప్పుడు. ఆ చప్పుడు గుర్తొస్తేనే ఎడమ మోకాలు దానంతటదే బిగుసుకునేది.

మా బాపు ముప్పై ఏళ్ళ కిందట వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఈ ఊరొచ్చాడు. ఊళ్ళో చేనేత చచ్చిపోయింది, సూరత్‌లో మరమగ్గం పిలుస్తోంది. లింబాయత్‌లో ఒక గది, ఖటోదరాలో పన్నెండు గంటల పాళీ. మా పద్మశాలీలు ఎంతమంది ఆ రైలెక్కారో, ఆ రైలుకు లెక్క తెలియదు. నేను సాంచె పట్టకూడదని బాపు పట్టుదల. అందుకే అదే షెడ్డులో లెక్కలు రాస్తున్నాను, సాంచె పట్టినవాడి కంటే ఎక్కువేం మిగలదు గానీ చేతికి నూనె అంటదు. సాయంత్రం పాళీ మారే వేళకు నేను పారిపోయేది మాత్రం ఒక్కచోటికే. కార్ఖానాల వెనక ఒక పాత హాలు, సిమెంటు నేల, నాలుగు పసుప్పచ్చ దీపాలు, ఒక నెట్టు. ఒడియా వాళ్ళు, యూపీ వాళ్ళు, మేము, ఇద్దరు ముగ్గురు గుజరాతీ కుర్రాళ్ళు. నేను గొప్ప ఆటగాణ్ణి కాదు. కానీ ఆ హాల్లో నన్ను ఓడించాలంటే చెమట పట్టాల్సిందే. రోజంతా ఇతరుల గజాల లెక్క రాసే మనిషికి ఆ గంటన్నర ఎంత పెద్ద ఆస్తో వేరే చెప్పక్కర్లేదు.

2022 మార్చిలో ఒక స్మాష్ కొట్టి కిందికి దిగాను. కాలు నేలను తాకింది, మోకాలు మాత్రం ఇంకోవైపు తిరిగింది. 'టప్' అని వినిపించింది. ఎదురుగా ఉన్నవాడు నా రాకెట్టు విరిగిందనుకున్నాడు. లోపల లిగమెంటు తెగిందని స్కానింగ్‌లో తేలింది. ఆపరేషన్ చేశారు, తొడ వెనక కండరం నుంచి తీసిన స్నాయువు ముక్కతో కొత్త తాడు కట్టారు. తొమ్మిది నెలలు పడుతుందన్నారు. బాపు పక్కన నిలబడి, అతుకుడు పని తనకు బాగా తెలిసినదే అన్నట్టు తలూపాడు.

శరీరం మాట ఎవరైనా చెప్తారు. వాపు తగ్గడం, మోకాలు ఇన్ని డిగ్రీలు వంగడం, తొడ కండ మళ్ళీ రావడం, వీటన్నిటికీ టేపు పెట్టి కొలతలున్నాయి. ఎవరూ టేపు పెట్టనిది ఇంకొకటుంది. మొదటి నెలలో జనం వచ్చారు, పళ్ళు తెచ్చారు. రెండో నెలలో ఫోన్ చేశారు. మూడో నెలలో 'ఇంకా తగ్గలేదా' అని అడిగారు. ఆ ప్రశ్నలో నింద ఉండదు. కానీ వినేవాడికి ఉన్నట్టే వినిపిస్తుంది. సాయంత్రం ఆరైతే ఒళ్ళంతా ఒక రకమైన దురద. ఆ వేళకు ఎక్కడో ఉండాల్సిన మనిషిని, ఇక్కడున్నాను. ఆటవాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి ఎవరూ నన్ను తీసేయలేదు, నేనే శబ్దం ఆపేశాను. ఒకరోజు వాళ్ళు కొత్త మనిషితో నలుగురూ నవ్వుతూ దిగిన ఫోటో పెట్టారు. నా చోటు ఎంత తేలిగ్గా నిండిపోయిందో చూసి రాత్రంతా నిద్రపోలేదు. పగలు లెక్కలో రెండు తప్పులు పోయాయి. శేఠ్ ఏమీ అనలేదు, అదీ బాధే.

ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. అప్పట్లో పాత ఆటల వీడియోలు చూసేవాణ్ణి, ఆటగాళ్ళు పడిపోయేవి మాత్రమే. 2019 జనవరిలో జకార్తాలో సైనా మీద ఫైనల్ ఆడుతూ, 10-4 ఆధిక్యంలో ఉండగా కరోలినా మారిన్ కాలు మెలిపడి కూలిపోయిన దృశ్యం ఎన్నిసార్లు చూశానో. జాలితో చూశానని చెప్పుకోవచ్చు. జాలి ఒక్కటే కాదు, 'అమ్మయ్య, నేనొక్కణ్ణే కాదు' అన్న పాడు ఊరట కూడా అందులో ఉంది. దెబ్బ తిన్న మనసు ఇంత కుంచించుకుపోతుందని నాకప్పటిదాకా తెలియదు.

నా ఫిజియో ఒక గుజరాతీ కుర్రాడు. అయిదో నెలలో ఒంటికాలి మీద చిన్న గెంతు గెంతమన్నాడు. అరడుగు ఎత్తు కూడా లేదు. నేను నిలబడ్డాను. బలం ఉంది, అతనే కొలిచాడు, కుడికాలితో సమానంగా ఉంది. గెంతలేకపోయాను. "పేర్ పే భరోసా రఖో, భాయ్" అన్నాడు. కాలిని నమ్మమంటాడు. ముప్పై ఒక్కేళ్ళు నమ్మే ఉన్నాను గదా, దాని ఫలం చూశాను గదా.

తర్వాత అతను ఒక కాగితం తెచ్చాడు. లిగమెంటు ఆపరేషన్ అయినవాళ్ళ కోసం 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నావళి అది. పన్నెండు ప్రశ్నలు. మోకాలు మళ్ళీ జారుతుందని భయముందా, ఆడేటప్పుడు దాని గురించే ఆలోచిస్తావా, మళ్ళీ ఆపరేషన్, మళ్ళీ ఆ వ్యాయామాలు అనే తలంపు ఆటకు అడ్డొస్తోందా, ఆ తరహా. మోకాలి కొలతలు బాగున్నా ఈ మార్కులు తక్కువైతే ఆటలోకి తిరిగి వెళ్ళేవాళ్ళు తగ్గుతారట. 2014లో ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కగడితే, ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి 81 మంది ఏదో ఒక ఆట మళ్ళీ ఆడుతున్నారు, 65 మంది దెబ్బకు ముందున్న స్థాయికి చేరుతున్నారు, పోటీల్లోకి తిరిగెళ్ళేవాళ్ళు 55 మందే. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి ఆ తేడా నాకు వెంటనే కళ్ళబడింది. 81కీ 55కీ మధ్య పడిపోయిన ఆ ఇరవై ఆరుగురు ఎక్కడున్నారు? ఏ లెక్కల గదిలో కూర్చుని ఫోన్‌లో స్కోరు చూస్తున్నారు?

స్కోరు మాటకొస్తే, ఆ రోజు మొదటి గేమ్ 21-11. ప్రణీత్‌దే.

ప్రణీత్ ఆట చూసినవాళ్ళకు అతని మణికట్టు గుర్తుంటుంది. నెట్ దగ్గర రాకెట్టు ఒక మాట చెప్తుంది, షటిల్ ఇంకో మాట వింటుంది. 2013 జూన్‌లో జకార్తాలో తౌఫిక్ హిదాయత్ తన చివరి టోర్నీ ఆడుతున్నాడు. ఏథెన్స్ ఒలింపిక్ విజేత, ఆ దేశం కొలిచే మనిషి, సొంత దేశంలో వీడ్కోలు. మొదటి రౌండ్లోనే ఎదురైన ఇరవై ఏళ్ళ హైదరాబాదీ అతన్ని మూడు గేముల్లో ఓడించాడు. వీడ్కోలు పండగ మొదటి రోజే ముగిసింది. 2016లో ఆల్ ఇంగ్లండ్ మొదటి రౌండ్లో లీ చోంగ్ వీని వరుస గేముల్లో పంపించేశాడు. 2017 ఏప్రిల్‌లో సింగపూర్ ఓపెన్ ఫైనల్లో ఇద్దరూ మనవాళ్ళే, ఇద్దరూ కోచ్ గోపీచంద్ శిష్యులే. శ్రీకాంత్ మొదటి గేమ్ గెలిచాడు, టైటిల్ ప్రణీత్ గెలిచాడు.

ఇక బాసెల్. 2019 ఆగస్టు, ప్రపంచ ఛాంపియన్‌షిప్. గింటింగ్‌ను, క్రిస్టీని, ఇండోనేసియా ఇద్దరు మేటి ఆటగాళ్ళను వరసగా ఓడించి సెమీస్ చేరాడు. 1983లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ పురుషుడయ్యాడు. ముప్పై ఆరేళ్ళ ఎదురుచూపు అది. కానీ సెమీఫైనల్ మర్నాడే సింధు అదే హాల్లో ఒకుహారాను 21-7, 21-7తో ఓడించి బంగారం తెచ్చింది. పత్రికల మొదటి పేజీ ఎవరిదో అడగక్కర్లేదు. సింధుది గొప్ప విజయమే, అందులో సందేహం లేదు. కానీ ఆ కంచుకు దక్కాల్సిన ఒక్క పూర్తి రోజు కూడా దక్కలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సెమీఫైనల్లో ప్రణీత్‌ను 13-21, 8-21తో ఓడించింది జపాన్ కుర్రాడు కెంటో మొమోటా. ఆ ఏడాది అతను గెలిచిన టైటిళ్ళు పదకొండు. తర్వాతి ఏడాది స్వదేశంలో ఒలింపిక్స్. బంగారు పతకం మీద అతని పేరు చెక్కడమొక్కటే మిగిలిందని అందరూ అనుకున్నారు. ఆ నెట్‌కు అటూ ఇటూ నిలబడిన ఆ ఇద్దరినీ ఒక్కసారి అట్లాగే ఉంచి చూడండి.

2020 జనవరి 13. మలేసియా మాస్టర్స్ గెలిచిన మర్నాడు తెల్లవారుజామున మొమోటా ఎక్కిన వ్యాన్ కౌలాలంపూర్ విమానాశ్రయం దారిలో లారీని గుద్దింది. డ్రైవర్ చనిపోయాడు. మొమోటాకు ముఖం మీద గాయాలు. కోలుకుని ఇంటికెళ్ళి సాధన మొదలుపెడితే షటిల్ రెండుగా కనిపించింది. కంటి గుంట ఎముక విరిగినట్టు అప్పుడు తేలింది. ఆపరేషన్ జరిగింది. ఎముక అతికింది. ఆటలోకి వచ్చాడు, ఒకటి రెండు టైటిళ్ళు గెలిచాడు కూడా. కానీ 2019లో ఆడిన మనిషి మాత్రం తిరిగి రాలేదు. మనసు అనుకున్నదీ ఒళ్ళు చేసిందీ కలవడం లేదని నాలుగేళ్ళ తర్వాత అతనే ఒప్పుకున్నాడు.

టోక్యో ఒలింపిక్స్ ఏడాది ఆలస్యంగా, ప్రేక్షకులు లేని హాళ్ళలో జరిగాయి. పురుషుల సింగిల్స్‌లో మనకున్నది ప్రణీత్ ఒక్కడే. మొదటి మ్యాచ్‌లో ఇజ్రాయెల్ ఆటగాడు జిల్బెర్‌మన్ చేతిలో ఓడాడు. 2021 జులై 28న నెదర్లాండ్స్ ఆటగాడు కాల్జౌ చేతిలో 14-21, 14-21. అదే రోజు మొమోటా కూడా కొరియా ఆటగాడు హియో క్వాంగ్ హీ చేతిలో ఓడి గ్రూపు దశలోనే ఇంటికెళ్ళాడు. రెండేళ్ళ కంటే తక్కువ కాలం కిందట ప్రపంచ సెమీఫైనల్ ఆడిన ఇద్దరు ఒకే హాల్లో, ఒకే తేదీన, నాకౌట్ గడప తొక్కకుండానే బయటికి నడిచారు. చప్పట్లు కొట్టడానికీ జాలిపడటానికీ అక్కడ మనుషులు లేరు.

మొమోటా పతనానికి ఒక తేదీ ఉంది, ఒక రోడ్డు ఉంది. నా మోకాలికి కూడా 'టప్' అనే చప్పుడుంది. ఎవరైనా అడిగితే ఆ కథ చెప్పగలను, చెప్పి చెప్పి నలుగురిలో నవ్వించగలను కూడా. ప్రణీత్ కథలో అట్లాంటి చప్పుడు లేదు. టోక్యో తర్వాత గాయాలు అతన్ని వదల్లేదు. 2022 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్‌కు ముందు కోవిడ్ సోకి తప్పుకున్నాడు. ఆ మే నెలలో బ్యాంకాక్‌లో మన పురుషుల జట్టు ఇండోనేసియాను 3-0తో ఓడించి చరిత్రలో మొదటిసారి థామస్ కప్ ఎత్తింది. శ్రీకాంత్, ప్రణయ్, లక్ష్య సేన్ అంతా ఒకరిమీద ఒకరు పడి గంతులేశారు. ఆ జట్టులో ప్రణీత్ లేడు. ఒకప్పుడు ప్రపంచ పదో ర్యాంకు చూసినవాడు ఆ రాత్రి మనందరిలాగే బయటివాడు. ఆ రాత్రి అతనికెట్లా గడిచిందో నేను చెప్పబోను, అది అతని సొత్తు. నాకు తెలిసింది నా వాట్సాప్ గ్రూపు ఫోటో ఒక్కటే.

ఈ తేడా గురించి బాపుతో అంటే ఆయన సాంచె భాషలో చెప్పాడు. "తెగిన పోగు పట్టిస్తది బిడ్డా. నలిగిన పోగే మోసం జేస్తది." పడుగులో పోగు తెగితే సాంచె దానంతటదే ఆగిపోతుంది. కారీగర్ వచ్చి, వెతికి, ముడేసి మళ్ళీ నడుపుతాడు. నలిగిన పోగుకు ఏ సాంచె ఆగదు. నడుస్తూనే ఉంటుంది, బట్ట దిగుతూనే ఉంటుంది. ఎక్కడో పది గజాల తర్వాత, వెలుతురుకు పట్టి చూసినప్పుడు, పలచటి గీత బయటపడుతుంది.

ఆటగాళ్ళ సంగతీ అంతే. మోకాలు తెగిన మారిన్‌కు ఆపరేషన్ ఉంది, కన్నీళ్ళకు అనుమతి ఉంది, ఎదురుచూసే అభిమానులున్నారు. పిక్క పట్టేసి ఒక వారం, భుజం లాగి రెండు వారాలు, నడుము, మళ్ళీ పిక్క అంటూ కొంచెం కొంచెంగా తరిగిపోయే ఆటగాడికి ఏడవడానికి తగిన రోజే దొరకదు. ప్రతి ఓటమి తర్వాతా 'ఫామ్ లేదు' అంటారు. ఆ 'ఫామ్' అన్న మాట కింద ఎన్ని నొప్పులు, ఎన్ని రాత్రి లెక్కలు పూడ్చిపెట్టారో ఎవరూ తవ్వరు. అయినా పేరున్న దెబ్బ తగిలినవాళ్ళ కథ మాత్రం తేలికా? సింధునే చూడండి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో నొప్పితోనే కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది, ఎడమకాలి ఎముకలో సన్నని పగులుతో ఏడాది చివరిదాకా ఇంట్లో కూర్చుంది. ఈ జాతీయ క్రీడల ప్రారంభోత్సవానికి అహ్మదాబాద్ వచ్చింది గానీ సూరత్‌లో రాకెట్టు పట్టే పరిస్థితి లేదు.

జాతీయ క్రీడలంటే గోపీచంద్ గుర్తుకు రాకుండా ఉండడు. 1994లో పుణె జాతీయ క్రీడల్లోనే, డబుల్స్ ఆడుతుండగా, అతని మోకాలి లిగమెంటు తెగింది. కొన్నేళ్ళలో ఒకటికి మించి ఆపరేషన్లు. ఆ మోకాలితోనే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. తెలుగు దేశమంతా చెప్పుకునే కథ అది. నా మంచం దగ్గరికొచ్చిన ప్రతివాడూ చెప్పిన కథ. "గోపీచంద్‌కు గాలేదా?" అనేవాళ్ళు. మంచి మనసుతోనే అనేవాళ్ళు. కానీ లేచి నిలబడినవాడి కథ మంచంమీది మనిషికి ఎప్పుడూ మందుగానే పనిచేస్తుందని అనుకోకండి. ఒక్కోసారి అది 'నువ్వెందుకు లేవలేదు' అన్న నిలదీతలా ఉంటుంది. గోపీచంద్ పక్కన అప్పట్లో ఇంకా ఎందరు మోకాళ్ళు పోగొట్టుకున్నారు, వాళ్ళెక్కడ? లేచినవాడి కథే మిగులుతుంది. మిగతావాళ్ళు ఊళ్ళలో పెళ్ళిళ్ళకు వచ్చినప్పుడు 'ఒకప్పుడు బాగా ఆడేటోడు' అని వేలెత్తి చూపించుకుంటారు.

రెండో గేమ్ 12-21. మంజునాథ్‌ది.

పుణెలో జాతీయ క్రీడల కోర్టు మీద గురువు మోకాలు పోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత సూరత్‌లో జాతీయ క్రీడల కోర్టు మీద శిష్యుడు మూడో గేమ్‌కు నీళ్ళు తాగి లేచాడు. ఇదంతా నేను ఊహించుకున్న దృశ్యమే, నేను అక్కడ లేను గదా. నా చేతిలో ఉన్నది ఒక చిన్న తెర, దాని మీద మారుతున్న రెండు అంకెలు. అంతకు రెండు మూడు రోజుల ముందే ప్రణీత్, సిక్కి రెడ్డి, సుమీత్ రెడ్డి వాళ్ళంతా కలిసి కేరళను ఓడించి తెలంగాణకు మిక్స్‌డ్ జట్టు స్వర్ణం తెచ్చారు. లింబాయత్‌లో అప్పటికి బతుకమ్మ పాటల మైకులు సద్దుమణుగుతున్నాయి. మా అమ్మ తంగేడు దొరక్క ఏవో పసుప్పచ్చ పూలు పేర్చి, ఊళ్ళో అయితే ఇట్లా ఉండేది గాదు, అని ఏటా అనే మాటే అంది. ఆ స్వర్ణం సంగతి అమ్మకు చెప్తే, "మనోళ్ళేనా? అయితే పోయి సూడకపోయినవ్?" అంది. చూస్తాలే అన్నాను.

కింద షెడ్డులో ఎవరో ఒక సాంచె నడిపి చూశారు. చప్పుడు మొదలైంది, ఆగింది. తెర మీద 21-16 అని వచ్చి నిలిచిపోయింది. ప్రణీత్ స్వర్ణం గెలిచాడు.

గది తలుపు మూసి ఏడ్చాను. ఎందుకో అప్పుడు తెలియదు. సంతోషమే అనుకున్నాను. ప్రణీత్ తిరిగొచ్చాడు, ఇక చూడండి, అని ఫిజియోకు మెసేజ్ కూడా పెట్టాను. అతను బొటనవేలు బొమ్మ పంపాడు. మర్నాడు అరడుగు గెంతు గెంతాను. ఆ వారంలో నాలుగుసార్లు గెంతాను. అంటే ఆ స్వర్ణం నాకు నిజంగా పనికొచ్చింది. దాన్ని గెలిచిన మనిషికి ఎంత పనికొచ్చిందో తర్వాత తెలిసింది.

తర్వాతి ఏడాది స్కోర్లు వెతికే అలవాటు అంటుకుంది. మొదటి రౌండ్, రెండో రౌండ్, తప్పుకున్నాడు, మొదటి రౌండ్. గీత పలచబడుతూ వచ్చింది. 2024 మార్చి 4న ప్రణీత్ అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పాడు. ముప్పై ఒక్కేళ్ళు. మోకాలు పోయినప్పటి నా వయసే. తౌఫిక్‌కు కనీసం చివరి మ్యాచ్ ఏదో ముందే తెలుసు, హాలు నిండా జనం తెలిసే వచ్చారు. ప్రణీత్‌కు అట్లాంటి రోజు లేదు. సోషల్ మీడియాలో ఒక పోస్టు, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు. వెనక్కి తిరిగి వెతికితే, మెడలో బంగారంతో అతను దిగిన పోడియం సూరత్‌లో, దసరా మర్నాడు. అది వీడ్కోలని ఆ పూట ఎవరికి తెలుసు? తెలిసి ఉంటే నేను ఆటో ఎక్కేవాణ్ణేమో. ఎక్కేవాణ్ణి కానేమో.

ఆరు వారాలు తిరిగేసరికి ఏప్రిల్‌లో టోక్యో నుంచి ఇంకో వార్త. మొమోటా జాతీయ జట్టు నుంచి తప్పుకుంటున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. బాసెల్ నెట్‌కు అటువైపు నిలబడ్డవాడూ ఇటువైపు నిలబడ్డవాడూ ఒకరి వెనక ఒకరు తలుపు వేసుకుని వెళ్ళిపోయారు. ఆ ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో మారిన్ గెలుపు అంచున ఉండగా మళ్ళీ మోకాలు పోయింది. రెండుసార్లు తెగి, రెండుసార్లు లేచొచ్చిన మనిషి మోకాళ్ళ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. అది లైవ్‌లో చూశాను. ఈసారి నాలో ఆ పాడు ఊరట లేదు. టీవీ కట్టేసి షెడ్డులోకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడి రొదలో మనసు మాట వినపడదు.

ప్రణీత్ అమెరికా వెళ్ళాడు. నార్త్ కరోలినాలో ట్రయాంగిల్ బ్యాడ్మింటన్ అకాడమీకి హెడ్ కోచ్‌గా చేరాడు. అక్కడా మనవాళ్ళ పిల్లలు బోలెడుమంది ఉంటారు, శనివారాలు తల్లిదండ్రులు కార్లలో దింపి కాఫీకి వెళ్తారు. ఆ పిల్లల్లో ఎవరో ఒకరు నెట్ దగ్గర మణికట్టు తిప్పినప్పుడు, తౌఫిక్ ఎవరో కూడా తెలియని ఆ చేతిలో ఆ మోసం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూసేవాళ్ళు ఆశ్చర్యపోతారు.

నా మాట. తొమ్మిది నెలలన్నారు గదా, రెండేళ్ళు దాటాయి. మోకాలు బాగుంది. కొలతలన్నీ బాగున్నాయి. మొన్న, పాళీ మారే వేళ, కాళ్ళు వాటంతటవే ఆ పాత హాలు వైపు తీసుకెళ్ళాయి. అవే నాలుగు పసుప్పచ్చ దీపాలు, ఒకటి మాడిపోయింది. సిమెంటు నేల మీద నేను పడ్డచోటు ఏదో గుర్తుపట్టగలననుకున్నాను, గుర్తుపట్టలేకపోయాను. నేల అంతా ఒకేలా ఉంది. గోడవారగా బెంచీ మీద కూర్చున్నాను. ఒక గుజరాతీ కుర్రాడు, పద్నాలుగో పదిహేనో ఉంటాయి, జోడీ దొరక్క రాకెట్టు ఊపుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"అంకుల్, రమ్‌శో?" ఆడతారా అని.

బూట్లు తేలేదన్నాను. వాడు సరేనని వెళ్ళిపోయాడు. ఒళ్ళో ఉన్న బ్యాగును, బూట్ల అంచు బయటికి కనపడకుండా, కొంచెం దగ్గరికి లాక్కున్నాను.